సంతకం అడగని మధ్యాహ్నం

ఆత్మకూరు బస్టాండు వెనక, ఎరువుల దుకాణం పైన మొదటి అంతస్తులో ఒక వకీళ్ళ ఆఫీసు ఉంది. పదకొండేళ్ళుగా నేను అక్కడ గుమాస్తాను. ఈ మాట రాసేటప్పుడు ఇప్పటికీ నా కలం ఒక్క క్షణం ఆగుతుంది. రాయబోయేది నా వల్ల ఒక ఆడమనిషి పోగొట్టుకున్న షెడ్డు గురించి. అది ఎలా పోయిందో అర్థం కావాలంటే ముందు మా ఇంటి సంగతి కొంత చెప్పాలి.

మాది ఉదయగిరి. మూడు తరాలు టోకు వ్యాపారం చేసిన ఇల్లు. చింతపండు, కుంకుడుకాయ, తేనె, కొండ మీద నుంచి దిగే సరుకంతా మా అంగడి మీదుగానే కిందికి పోయేది. అంగడి కన్నా మా ఇంటి ముందరి అరుగుకు పేరెక్కువ. వర్తకుల మధ్య తగువులు వస్తే కోర్టుకు పోయేవారు కాదు, మా తాత దగ్గరికి వచ్చేవారు. ఉమ్మడి వ్యాపారం విడిపోయినా, సరుకు చెడిపోయి వచ్చినా, ఒకరి గిరాకీ ఇంకొకరు లాక్కున్నా, ఇద్దరూ వచ్చి ఆ అరుగు మీద కూర్చునేవారు. తాత ఇద్దరి మాటా వినేవాడు. భోజనం వేళ దాటిపోయినా వినేవాడు. చివరికి తన మాట చెప్పేవాడు. ఇద్దరూ సరేనని లేచేవారు.

ఆ రోజు కాగితం ఉండేది కాదు. అది మా ఇంటి పద్ధతి. ఇద్దరిలో ఎవరు ఎక్కువ వదులుకోవలసి వచ్చిందో ఆయన్ని అప్పటికి ఇంటికి పంపేసేవారు. మూడో రోజు తాతే కాగితం రాయించి, పళ్ళెంలో తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు పెట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళేవాడు. ఆయన తన ఇంట్లో, తనవాళ్ళ మధ్య, తన చాప మీద కూర్చుని సంతకం చేసేవాడు. "ఇచ్చే మనిషి సంతకం పెట్టేటప్పుడు ఎదుటోడు ఆడ కూచోని చూడకూడదురా. అది ఆ మనిషి బట్ట లాగినట్టు" అనేవాడు తాత. మా నాయన కూడా ఆ పద్ధతే పాటించాడు. సంతకం లేకుండా తిరిగొచ్చిన కాగితాన్ని మా ఇంట్లో నేను చూడలేదు.

తర్వాత లారీలు నేరుగా అడవి అంచుకే పోయి సరుకు ఎత్తుకోవడం మొదలైంది. మా అంగడికి సరుకు రావడం ఆగింది, దానితోపాటు తగువులు రావడమూ ఆగింది. చిల్లర అంగడి పెట్టుకుని తక్కెడ పట్టమని చుట్టాలు చెప్పారు. నాయన పట్టలేదు. నేనూ పట్టలేదు. ఇల్లు అమ్మేశాం. కొన్నవాళ్ళు అరుగు పగలగొట్టి, ముందంతా అద్దాలు బిగించి, మోటారుసైకిళ్ళు అమ్ముతున్నారు. అప్పటి నుంచి ఉదయగిరి వెళ్ళవలసి వస్తే నేను బస్టాండు నుంచి వెనక వీధిలోకి తిరిగిపోయేవాణ్ణి.

నేను చేరిన ఆఫీసులో ముగ్గురు వకీళ్ళు. పెద్ద వకీలు నాకంటే పన్నెండేళ్ళు చిన్న. ఆయన తండ్రి ఒకప్పుడు మా అంగట్లో చింతపండు తూచేవాడు. ఈ సంగతి ఆయన ఎన్నడూ నా ముందు ఎత్తలేదు. నన్ను "అన్నా" అంటాడు, మీరు అని మన్నిస్తాడు. ఫైళ్ళ సంచులు నా చేత మోయించడు. నేను ఇస్త్రీ చొక్కాతో వచ్చి, మా ఇంటి నుంచి తెచ్చుకున్న కుర్చీలోనే కూర్చుంటాను. ఇవన్నీ నాకు దక్కవలసినవే అనుకుంటూ పదకొండేళ్ళు గడిపాను.

మా ఆఫీసుకు వచ్చేవి వ్యాపార తగాదాలు. సంగం వైపు రైస్ మిల్లులు, విత్తనాల డీలర్లు, కాలువ పనుల కాంట్రాక్టర్లు, నిమ్మకాయల లారీల వాళ్ళు. కోర్టుకు పోయి ఏళ్ళ తరబడి తిరగడం కన్నా మధ్యవర్తి ముందు కూర్చుని తేల్చుకుంటే మేలని పెద్ద వకీలు గారి నమ్మకం. అందుకు శిక్షణ తీసుకున్నారు. ఇరుపక్షాలూ ఒప్పుకుంటే ఆయన ఎవరి తరఫు వకీలుగానూ కాకుండా మధ్యవర్తిగా కూర్చుంటారు. కుదిరిన ఒప్పందం మీద ఇద్దరి సంతకాలూ, ఆయన సంతకమూ పడితే అది కోర్టు డిక్రీతో సమానం. పడకపోతే ఆ గదిలో మాట్లాడుకున్నదానికి విలువ లేదు.

ఆ గదిలో నవ్వులు కూడా ఉండేవి. ఒకసారి సంగం నుంచి బావాబావమరుదులు వచ్చారు. ఇద్దరూ కలిసి నడిపిన రైస్ మిల్లు విడిపోయింది. అన్నీ పంచుకున్నారు, లారీలు తూచే కాటా దగ్గర ఆగిపోయారు.

"ఆ కాటా నేను నిలబడి కట్టించినా. నువ్వు ఆ నెలంతా తిరపతిలో ఉండావు" అన్నాడు బావ.

"నేను తిరపతిలో దేవుడికి దణ్ణం పెట్టబట్టే అది సరిగ్గా తూస్తా ఉండాది. నువ్వు కట్టింది కాబట్టి కాదు."

"ఒకపాలి దాని మీదెక్కి నిలబడరా, నీ బరువెంతో తేలిపోతాది."

"నేనెక్కితే కాటాకేం కాదు. నువ్వెక్కితే కుంగిపోతాది, అందుకే నీకియ్యను."

వకీలు గారు నవ్వాపుకోలేక లేచి కిటికీ దగ్గరికి పోయారు. సాయంత్రానికి ఇద్దరూ సంతకాలు చేసి ఒకే బండి మీద వెళ్ళిపోయారు. అలాంటి రోజుల్లో నాకు మా అరుగే గుర్తొచ్చేది. జీతానికైనా మా ఇంటి పనే చేస్తున్నానని నాకు నేను చెప్పుకునేవాణ్ణి.

ఇక ఆ షెడ్డు. ఉదయగిరిలో చెక్కతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చేస్తారు. దుర్గం కొండ మీది కర్ర తెచ్చి, కోసి, చెక్కి, నునుపు చేసి పట్నాలకు పంపుతారు. ఆ పనిలో పేరున్న ఒక సాయిబు ఉండేవాడు. ఆత్మకూరు బజారులో ఒక టోకు వర్తకుడితో ఆయనకు ఇరవై ఏళ్ళు పొత్తు. ఉదయగిరిలో షెడ్డు, అందులో రెండు లేత్ మిషన్లు వర్తకుడివి. చేతిపని, పనివాళ్ళు సాయిబువి. లాభంలో చెరిసగం. కాగితం లేదు. సాయిబు పోయాక ఆయన కూతురు షెడ్డు నడిపింది. ఆమె కింద పన్నెండు మంది ఆడవాళ్ళు పని చేసేవారు. కొన్నాళ్ళకు వర్తకుడి కొడుకులు ఇంకెక్కడో మిషన్ల మీద గరిటెలు కోయించి అదే లేబుల్‌తో అమ్మసాగారు. ఆమె తన సరుకు తానే తీసుకుని ఎగ్జిబిషన్లకు పోవడం మొదలుపెట్టింది. రెండు వైపుల నుంచీ నోటీసులు నడిచాయి. చివరికి కోర్టుకు పోకముందే మా వకీలు గారిని మధ్యవర్తిగా ఒప్పుకున్నారు.

ఆ రోజు ఆమె పొద్దున బస్సులో ఒక్కతే వచ్చింది. నలభై దాటిన మనిషి. చేతివేళ్ళ చివర్లు గట్టిపడి, పగిలి ఉన్నాయి. వర్తకుడు కూడా ఒక్కడే వచ్చాడు. ఎనభై ఏళ్ళు ఉంటాయి. కొడుకులకు చెప్పకుండా వచ్చానన్నాడు. నన్ను చూడగానే, "నువ్వు ఈడ ఉండావా అబ్బయ్యా? అయితే నాకు దిగులు లేదు" అన్నాడు. ఆయన మాకు దూరపు వరస. నేను పెదనాయనా అని పిలుస్తాను.

గదిలో మొదటి గంట నిష్ఠూరాలతోనే గడిచింది.

"మీ అబ్బా బతికుండంగా ఏనాడన్నా నాకు నోటీసు పంపినాడామ్మా?" అన్నాడాయన.

"మా అబ్బా బతికుండంగా మీరు ఏనాడన్నా మిషన్ గరిటెలు కోయించినారా?"

"లేబుల్ నాది. నా ఇష్టం."

"లేబుల్ మీదే. గరిటె ఎవురిది?"

పెద్దాయన ఆమె వైపు కాసేపు చూసి నవ్వాడు. "నోరు మాత్రం అచ్చం వాడిదే. వాడు కూడా ఇట్టనే అనేవాడు, నా అంగట్లో నిలబడి, పదిమంది ముందర" అన్నాడు. ఆ తర్వాత గొంతు మారింది. వకీలు గారు ఆ సందు చూసుకుని నెమ్మదిగా ఒక్కొక్కటే కదిపారు. ఒంటిగంటకల్లా తేలిపోయింది. షెడ్డు, అది ఉన్న జాగా, రెండు లేత్ మిషన్లు ఆమెకు. లేబుల్, మద్రాసులో హైదరాబాదులో సరుకు కొనే అంగళ్ళు ఆయనకు. ఒకరి దారికి ఒకరు అడ్డం పోకూడదు.

"షెడ్డు నీదేలేమ్మా. నా మాట ఉండాది. వాడు లేకపోతే ఆ షెడ్డుకు విలువేముండాది?" అన్నాడు పెద్దాయన.

ఆమె తలొంచుకుని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అదే వేళకు నెల్లూరు నుంచి ఫోను వచ్చింది. ఇంకో కేసులో అత్యవసరంగా కోర్టులో నిలబడాలి. వకీలు గారు కోటు భుజాన వేసుకుని, మెట్ల దగ్గర చెప్పులు మార్చుకుంటూ నాతో అన్నారు.

"అన్నా, టైపు చేయించి, ఇద్దరూ కుర్చీల్లోంచి లేవకముందే సంతకాలు తీసుకోండి. నేను సాయంత్రం వచ్చి నాది పెడతా. లేవకముందే, సరేనా?"

"ఈ పని నాకు కొత్తగా చెప్పాలా?" అన్నాను. నా గొంతులో విసురు నాకే వినిపించింది. ఆయన మెట్లు దిగిపోయారు.

మూడు పేజీలు వచ్చింది ఒప్పందం. ముందు ఆమె వైపు జరిపాను. ప్రతి వరుస కిందా వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుకుంది. మూడు పేజీల మీదా సంతకం చేసింది. తర్వాత కాగితాలు పెద్దాయన ముందు పెట్టాను. ఆయన జేబులోంచి కలం తీసి, మూత విప్పాడు. అప్పుడు తలెత్తి ఎదురుగా చూశాడు. ఆమె కళ్ళు ఆయన చేతి మీదే ఉన్నాయి. ఆయన చెయ్యి కాగితానికి బెత్తెడు పైన ఆగిపోయింది. "ఇప్పుడేనా అబ్బయ్యా?" అన్నాడు.

ఆ నిమిషాన్ని నేను ఎన్నిసార్లు తిరగేసుకున్నానో లెక్కలేదు. ఎనభై ఏళ్ళ మనిషి. బజారులో ఎవరికీ తలవంచని మనిషి. తన షెడ్డు వదులుకుంటూ ఆ ఆడమనిషి కళ్ళ ముందు చెయ్యి కదపలేక నన్ను అడుగుతున్నాడు. వకీలు గారి మాట నాకు గుర్తుంది. మరిచిపోయానని అబద్ధం రాయను. ఆ మాట కన్నా మా అరుగు నాకు పెద్దదిగా కనిపించింది. అరచెయ్యి కాగితాల మీద వేసి నా వైపు లాక్కున్నాను.

"మీరు ఇంటికి పోండి పెదనాయనా. ఎల్లుండి నేనే తీసుకొస్తాను" అన్నాను.

ఆయన మొహం తేటపడింది. కలం జేబులో పెట్టుకుని లేచి నా భుజం మీద చెయ్యి వేశాడు. "మీ తాత గూడా మా నాయనకి ఇట్టనే చేసినాడు. ఆ ఇంటి బిడ్డవి అనిపించినావు" అన్నాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఎవరో నన్ను మా ఇంటి పేరుతో గుర్తుపట్టినట్టయింది. మెట్ల దాకా వెళ్ళి సాగనంపి వచ్చాను.

వెనక్కి వచ్చేసరికి ఆమె కుర్చీలోనే కూర్చుని ఉంది.

"సార్, ఆయన సంతకం చెయ్యలేదే?"

"ఎల్లుండి చేస్తారు. ఇంటికి తీసుకెళ్తాను."

"ఎల్లుండి అంటే... కొడుకులుంటారు గదా సార్ ఆడ? ఆయన్ని పిలవండి, ఇంకా కింద్నే ఉంటాడు."

"ఆయన మాట ఇచ్చారు. నువ్వు విన్నావు, నేను విన్నాను. అంత పెద్దమనిషిని అనుమానిస్తున్నావా?" అన్నాను. కోపంగానే అన్నాను.

ఆమె కుర్చీ వెనక మడిచి పెట్టిన బుర్ఖా తీసుకుని, మూడున్నర బస్సుకు వెళ్ళిపోయింది.

సాయంత్రం వకీలు గారు సంగం దాటుతూ ఫోను చేశారు. రాత్రికి ఇంటికే పోతానని, రేపు వచ్చి చూస్తానని చెప్పి, "అయిందా అన్నా?" అని అడిగారు. "అయింది" అన్నాను. నా దృష్టిలో అయిపోయింది. మర్నాడు ఆయన మళ్ళీ నెల్లూరు కోర్టుకు పోయారు, ఆఫీసుకు రానేలేదు.

మూడో రోజు పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, బజారులో తమలపాకులు, వక్కలు, ఒక హస్తం అరటిపళ్ళు కొన్నాను. పళ్ళెం ఇంటి నుంచే తీసుకెళ్ళాను. ఆయన ఇంట్లో లేరు, అంగట్లో ఉన్నారని చెప్పారు. అంగడికి వెళ్ళాను. పెద్దాయన లోపల పరుపు మీద కూర్చుని ఉన్నాడు. పెద్దకొడుకు ముందర కుర్చీలో ఉన్నాడు. కాగితాలు అతనే అందుకుని నిలబడి చదివాడు.

"ఏంది నాయనా ఇది? షెడ్డు ఇచ్చేస్తానన్నావంట?"

పెద్దాయన వీధిలోకి చూశాడు. "అన్నా. అప్పుడేదో మాటల్లో వచ్చింది."

"మాటల్లో ఎన్నో వస్తాయి. ఆ జాగా రోడ్డు పక్కది. ఇచ్చేదేంది?" అని కొడుకు కాగితాలు మడిచి నా చేతికిచ్చాడు.

నేను అతన్ని దాటి లోపలికి చూసి అన్నాను. "పెదనాయనా, మీరు మాట ఇచ్చారు."

"ఇయ్యలేదని నేను చెప్పలా అబ్బయ్యా" అన్నాడాయన. "ఆ పొద్దు పెట్టమనుంటే పెట్టేవాణ్ణి. కలం గూడా తీసినా. నువ్వే వద్దంటివి. ఇప్పుడు ఇంట్లో వాళ్ళు వద్దంటా ఉండారు. నేనేం చేసేది?"

అందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు. పళ్ళెం అక్కడే గల్లా మీద పెట్టి తిరిగాను. వెనక నుంచి కొడుకు పిలిచాడు. "సార్, ఆ పండ్లు తీసుకపోండి. మా ఇంట్లో అందరికీ షుగరు." అంగట్లో ఎవరో నవ్వారు. వెనక్కి వెళ్ళి పళ్ళెం తీసుకుని బజారు వెంట నడిచాను. దారిలో పలకరించినవాళ్ళకు ఏం చెప్పానో గుర్తులేదు.

వకీలు గారు ఆ మధ్యాహ్నం వచ్చారు. సంతకం లేని కాగితాలు ఆయన బల్ల మీద పెట్టి నిలబడ్డాను. మూడు పేజీలూ తిప్పి చూశారు.

"మొన్న సాయంత్రం అయింది అన్నారే అన్నా?"

మా ఇంటి పద్ధతి చెప్పాను. ఆయన కేకలు వేసి ఉంటే నాకు సులువుగా ఉండేది. వెయ్యలేదు. మొదటిసారి తన తండ్రి సంగతి ఎత్తారు.

"మా నాయన మీ అంగట్లో పని చేసినాడు గదా. మీ తాత తీర్పులు చూసినానని చెప్పేవాడు. అప్పట్లో మీ అరుగు మీద మాట తప్పినోడికి ఈ చుట్టుపక్కల ఏ అంగడోడూ సరుకు వేసేవాడు కాదంట. ఆ భయానికి నిలిచినాయి అన్నా ఆ మాటలు. పళ్ళెం తీసుకుపోయినందుకు కాదు. ఇప్పుడా భయం లేదు. అందుకే లేవకముందే అన్నాను."

మా తాతను ఆయన తక్కువ చేశాడని ఆ రోజు మండిపోయాను. ఇప్పుడు అంత మండటం లేదు. పనిలోంచి తీసేస్తాడనుకున్నాను, తియ్యలేదు. అది కూడా నాకు కష్టంగానే ఉంది.

వారం లోపే ఆమె వచ్చింది. ఒప్పందం కుదరలేదని వకీలు గారు చెప్పారు. మధ్యవర్తిగా కూర్చున్నవాడు తర్వాత ఎవరి తరఫునా వాదించకూడదు కాబట్టి ఇంకో వకీలు దగ్గరికి పొమ్మన్నారు. ఆమె నా వైపు తిరిగింది.

"సార్ విన్నారు గదా. షెడ్డు నీదే అని ఆయన చెప్పింది సార్ చెవులారా విన్నారు. కోర్టులో సార్ చెప్తే చాలదా?"

"ఈ గదిలో అనుకున్నది కోర్టులో చెప్పకూడదమ్మా. నేను చెప్పకూడదు, మా ఆఫీసోళ్ళు ఎవరూ చెప్పకూడదు. మొదట్లో మీరిద్దరూ సంతకం చేసిన కాగితంలో ఉండాది అది. లేకపోతే ఎవరూ మనసు విప్పి మాట్లాడరు" అన్నారు వకీలు గారు.

ఆమె ఇంకా నన్నే చూస్తోంది. నేను చేతిలోని ఫైలు దారం ముడి విప్పి మళ్ళీ కట్టాను. సంతకం ఎల్లుండికి వాయిదా వేయడం మా ఆఫీసు పద్ధతేనని ఆమె అనుకుంటోంది. ఆమెను అలా అనుకోనిచ్చాను.

వర్తకుడి కొడుకులు షెడ్డు ఖాళీ చేయించమని దావా వేశారు. రెండేళ్ళకు పైగా నడిచింది. జాగా రిజిస్ట్రేషన్ వర్తకుడి పేరున ఉంది. కరెంటు మీటరు ఆయన పేరునే. ఇరవై ఏళ్ళ పొత్తుకు చిన్న చీటీ కూడా లేదు. వేరే ఫైళ్ళ పని మీద కోర్టుకు వెళ్ళినప్పుడు ఆ కేసు పిలుస్తుంటే వరండాలో నిలబడి వినేవాణ్ణి. "పెద్దాయన ఇస్తానన్నాడని చెప్తున్నావు, ఎవరి ముందు అన్నాడు?" అని అవతలి వకీలు ఆమెను అడగబోతే జడ్జి గారే ఆపేశారు, మధ్యవర్తిత్వంలో మాటలు ఇక్కడ ఎత్తవద్దని. నియమం ప్రకారం ఆయన చేసింది సరైన పనే. ఆమె బోనులో నిలబడి నోరు తెరిచి మూసుకుంది. నాకు ఆమె కనిపిస్తోంది. ఆమెకు నేను కనిపించానో లేదో తెలియదు. కోర్టులో చెప్పకూడని ఆ మాటను ఇప్పుడు ఇక్కడ, ఎవరి పేరూ లేకుండా, ఎవరికీ ఉపయోగం లేని వేళ రాస్తున్నాను.

తీర్పు ఆమెకు వ్యతిరేకంగా వచ్చింది. ఖాళీ చేయడానికి మూడు నెలలు గడువిచ్చారు.

గడువు చివరి రోజు నేను సెలవు పెట్టి ఉదయగిరి బస్సెక్కాను. ఆ రోజు వెనక వీధిలోకి తిరగలేదు. మోటారుసైకిళ్ళ అంగడి ముందు నుంచే నడిచాను. షెడ్డు ఊరి చివర, కొండకు ఎదురుగా ఉంది. బయట ట్రాలీ ఆటోలో కర్రదుంగలు ఎక్కించి ఉన్నాయి. మిషన్లు కోర్టు ఆర్డరు ప్రకారం వర్తకుడివి. ఆ దుంగలు కాక ఆమె తీసుకుపోయేది బాడిసలు, ఉలులు, ఆకురాళ్ళు మాత్రమే. పనివాళ్ళు ముందే వెళ్ళిపోయారు. ఆమె ఒక్కతే లోపల చెక్కపొట్టు ఊడుస్తోంది.

"ఏంది సార్, మీరొచ్చినారు? తాళానికి వాళ్ళ మనిషి మూడింటికి వస్తాడన్నారే."

"తాళం కోసం రాలేదు" అన్నాను. నిలబడే చెప్పాను. ఆ రోజు ఇద్దరూ లేవకముందే సంతకాలు తీసుకోమని వకీలు గారు నాకు చెప్పి వెళ్ళారని, నేనే తీసుకోలేదని. పెట్టమంటే ఆ పూటే పెట్టేవాణ్ణని పెద్దాయన తర్వాత నాతో అన్నాడని.

ఆమె చీపురు ఆపింది. "మీ ఆఫీసు రూలు గాదా అది?"

"కాదు. మా ఇంటి పద్ధతి."

"ఏం పద్ధతి సార్?"

"వదులుకునే మనిషి చేత ఎదుటివాళ్ళ ముందు సంతకం పెట్టించరు. ఆయన మర్యాద పోకూడదని."

ఆమె కేకలు వేస్తుందనుకున్నాను. గొంతు పెంచకుండానే అంది.

"నా చేత పెట్టించినారే. ఆయన చూస్తా ఉంటే ముందు నా చేతనే పెట్టించినారు. నేను గూడా వదులుకున్నా గదా సార్. లేబుల్ వదులుకున్నా. మా అబ్బా ఎండలో మద్రాసు వీధుల్లో సంచి మోసి పట్టుకున్న అంగళ్ళు వదులుకున్నా. నాకు మర్యాద ఉంటాదని మీకు తట్టలేదా?"

తట్టలేదు. నిజంగా తట్టలేదు. రెండేళ్ళుగా ఆ మధ్యాహ్నాన్ని ఎన్ని వైపుల నుంచి చూసుకున్నా, ఆమె ముందుకు నేను కాగితం జరిపిన ఆ కదలిక మీద నా కన్ను నిలవలేదు. మా అరుగు మీద కూర్చున్నవాళ్ళందరూ అంగళ్ళున్నవాళ్ళే. కూలీలు, బండ్లు తోలేవాళ్ళు, కొండ సరుకు తెచ్చేవాళ్ళు తమ గోడు కింద వీధిలో నిలబడి చెప్పుకునేవారు. వాళ్ళు వేలిముద్ర వేసేది కూడా అక్కడే, అందరి ఎదుట. వాళ్ళ ఇంటికి మా పళ్ళెం ఎప్పుడూ వెళ్ళలేదు. చిన్నప్పటి నుంచి చూసిందే అది. నాకు పద్ధతిలో భాగంగానే కనిపించింది.

"క్షమించమ్మా" అన్నాను. ఆ మాట నేను ఎవరితోనూ అన్న గుర్తు లేదు. నా నోట్లో అది పరాయిదానిలా ఉంది.

ఆమె మిగిలిన పొట్టు తలుపు దాకా ఊడ్చి, చీపురు ఆటోలోకి విసిరింది. షట్టరు దించి తాళం వేసింది. "ఎటూ ఆత్మకూరే పోతారు గదా, వాళ్ళకి మీరే ఇచ్చేయండి. మూడింటిదాకా వాళ్ళ మనిషి కోసం నేను ఈడ కూచోలేను" అని తాళంచెవి నా చేతిలో పెట్టింది. ఆటో ఎక్కాక తల బయటికి పెట్టి అంది.

"ఇచ్చినట్టు కాగితం రాయించుకోండి సార్. రేపు ఇయ్యలేదంటారు. పెద్దాయన చేతనే సంతకం పెట్టించండి, ఆయన పేరునే గదా అన్నీ."

నాలుగున్నరకు అంగడికి చేరాను. బేరం మీద ఉన్న వేళ, జనం ఉన్నారు. తాళంచెవి ఇవ్వకుండా గల్లా ముందు నిలబడి, అది ముట్టినట్టు తెల్లకాగితం మీద రెండు వరుసలు రాసి పెద్దాయన ముందు పెట్టాను. ఆయన బాగా చిక్కిపోయాడు. కొడుకు, "తాళానికి గూడా కాగితమేంది సార్?" అని ఎగతాళి చేశాడు. "సంతకం పెట్టండి పెదనాయనా. అందరి ముందరే పెట్టండి" అన్నాను. ఆయన నా మొహం చూడకుండా పెట్టాడు. తాళంచెవి ఇచ్చేసి, ఆ కాగితాన్ని మర్నాడు రిజిస్టరు పోస్టులో ఆమెకు పంపాను.

ఇప్పుడు ఆమె ఇంకొకరి షెడ్డులో దినకూలికి గరిటెలు చెక్కుతోందని విన్నాను. ఇరవై ఏళ్ళు వాళ్ళ నాన్నతో, ఆ తర్వాత తనతో వ్యాపారం చేసిన మనిషి సంతకం ఉన్న కాగితం ఆమె దగ్గర అదొక్కటే.